కోర్సు పేరులోని ఆ ‘అండ్’: సబ్జెక్టులను కలిపే కోర్సును ఎలా తయారు చేస్తారు?

‘సైన్స్ అండ్ సొసైటీ’, ‘డేటా అండ్ ఎథిక్స్’, ‘మ్యూజిక్ అండ్ మ్యాథ్స్’. కాలేజీల కోర్సుల జాబితాల్లో ఇలాంటి పేర్లు ఇప్పుడు చాలా కనిపిస్తున్నాయి. హైస్కూళ్లలోనూ మొదలయ్యాయి. విద్యార్థులకు ఉత్సాహంగానే ఉంటుంది. తల్లిదండ్రులకు మాత్రం టెన్షన్: ఇందులో చెప్పేది సైన్సా, సోషలా? మార్కులు దేనికి వేస్తారు? పైచదువులకు పనికొస్తుందా? కోర్సు తయారు చేసే బాధ్యత నెత్తిన పడిన టీచర్‌ది ఇంకో బెంగ: నాకు వచ్చింది ఒక్క సబ్జెక్టు, రెండోది ఎవరు చెబుతారు?

ఈ ప్రశ్నలన్నీ తిరిగి తిరిగి పేరు మధ్యలో ఉన్న ఆ ‘అండ్’ దగ్గరికే వస్తాయి. అక్కడ రెండు సబ్జెక్టులు నిజంగా ఒకదాని మీద ఒకటి ఆధారపడుతున్నాయా, లేక రెండు సిలబస్‌లను పక్కపక్కన పెట్టి ఒకే అట్ట వేశారా? కోర్సు బాగోగులు దీన్నిబట్టే తేలతాయి.

మూడు మాటలు, మూడు రకాల కలయిక

మల్టీడిసిప్లినరీ, ఇంటర్‌డిసిప్లినరీ, ట్రాన్స్‌డిసిప్లినరీ. వాడుకలో ఈ మూడింటికీ తేడా చూపించం. కానీ వీటిని విడదీసి చూడాలన్న ఆలోచన కొత్తది కాదు. 1970లో ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో, సంపన్న దేశాల ఆర్థిక సహకార సంస్థ అయిన ఓఈసీడీ జరిపిన సదస్సులో జాన్ పియాజే వంటి పండితులు ఈ తేడాల మీద చర్చించారు.

నది అనే అంశం తీసుకుందాం. జాగ్రఫీ టీచర్ ఒక వారం నది పుట్టుక గురించి, బయాలజీ టీచర్ ఇంకో వారం చేపల గురించి, భాషా టీచర్ మరో వారం నది మీద కవితల గురించి చెప్పారనుకోండి. అది మల్టీడిసిప్లినరీ. అంశం ఒకటే, ఎవరి పాఠం వాళ్లది. వాటిని కలిపే పని విద్యార్థి బుర్రలో జరగాలి, జరిగిందో లేదో చూసేవాళ్లు ఉండరు.

‘ఈ నది మీద ఆనకట్ట కడితే లాభపడేదెవరు, నష్టపోయేదెవరు?’ అని అడిగితే సంగతి మారిపోతుంది. చేపల వలస తెలియకుండా జాలర్ల నష్టం లెక్కకు రాదు. ఆ లెక్క లేకపోతే ఆర్థిక అంచనాకు అర్థం ఉండదు. ఒక సబ్జెక్టులో వచ్చిన జవాబు ఇంకో సబ్జెక్టుకు ముడిసరుకు అవుతోంది. ఇది ఇంటర్‌డిసిప్లినరీ. ఆ జాలర్లను, ఇంజినీర్లను కూడా కూర్చోబెట్టి అసలు ప్రశ్న ఏమిటో వాళ్లతో కలిసే తేల్చుకుంటే అది ట్రాన్స్‌డిసిప్లినరీ.

వీటిని ఒకటి కింద, ఒకటి పైన ఉన్న మెట్లుగా చూడనక్కర్లేదు. శ్రద్ధగా చెప్పిన మల్టీడిసిప్లినరీ కోర్సు, హడావిడిగా అతికించిన ఇంటర్‌డిసిప్లినరీ కోర్సు కన్నా వంద రెట్లు మేలు. చిక్కల్లా ఒకటి చేస్తూ ఇంకో పేరు పెట్టినప్పుడే.

ఫిన్లాండ్ గురించి ఒక అపోహ కూడా ఇక్కడే తీర్చేసుకుందాం. ఆ దేశం సబ్జెక్టులనే ఎత్తేస్తోందని 2015లో వార్తలు గుప్పుమన్నాయి. అది నిజం కాదు. 2016లో అక్కడి బడుల్లో అమల్లోకి వచ్చిన పాఠ్యప్రణాళికలోనూ సబ్జెక్టులు ఉన్నాయి. ప్రతి విద్యార్థికీ ఏడాదికి కనీసం ఒకసారైనా సబ్జెక్టులను కలిపి చదివే భాగం ఉండాలని మాత్రం చేర్చారు. ఇంత పేరు పడ్డ దేశమే కనీస నియమంగా పెట్టుకున్నది ఏడాదికి ఒకటి!

చిన్న ఉదాహరణ: పన్నెండు పంచమాల లెక్క

‘మ్యూజిక్ అండ్ మ్యాథ్స్’ కోర్సును పేలవంగా చేయడం తేలిక. ఒక వారం శబ్ద తరంగాలు, ఇంకో వారం కచేరీ వీడియో, చివర్లో ‘సంగీతంలో గణితం’ మీద వ్యాసం. విద్యార్థికి ఏదీ దక్కదు.

దాని బదులు ఒకే ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు: కీబోర్డు మీద స్వరాలన్నీ పూర్తిగా శ్రుతిలో ఉండేలా చేయగలమా?

సా నుంచి పై సా కు, అంటే ఒక స్థాయి పైకి, వెళ్తే ఫ్రీక్వెన్సీ రెండింతలు అవుతుంది. సా నుంచి శుద్ధమైన పా కు వెళ్తే ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆ పా నే కొత్త సా అనుకుని దాని పంచమానికి వెళ్లి, అలా 12 సార్లు చేస్తే కీబోర్డు మీద మొదలుపెట్టిన స్వరానికే, 7 స్థాయిల పైన చేరతాం. ఇప్పుడు విద్యార్థుల చేత లెక్క కట్టించండి. 1.5ను 12 సార్లు గుణిస్తే సుమారు 129.75 వస్తుంది. 2ను 7 సార్లు గుణిస్తే 128. ఒకే మీట మీద రెండు వేర్వేరు సంఖ్యలు! తేడా ఒకటిన్నర శాతం లోపే, కానీ చెవికి తెలిసిపోతుంది. తప్పు ఎక్కడుందని పిల్లలు లెక్కను మళ్లీ మళ్లీ సరిచూసుకుంటారు. లెక్కలో తప్పేమీ లేదు. 1.5 అంటే 3/2. 3ను ఎన్నిసార్లు గుణించినా బేసి సంఖ్యే, 2ను ఎన్నిసార్లు గుణించినా సరి సంఖ్యే. ఈ రెండూ ఎప్పటికీ కలవవు.

మరి ఆ తేడాను ఎక్కడ సర్దాలి? 11 పంచమాలను శుద్ధంగా ఉంచి, మిగిలిన ఒక్కదాన్ని పాడు చేయవచ్చు. లేదా అన్నిటికీ సమానంగా పంచి, ప్రతి పంచమాన్నీ 1.5 బదులు 1.4983 దగ్గర ఉంచవచ్చు. ఇప్పటి కీబోర్డుల్లో మామూలుగా ఉండేది ఈ రెండోది. బాకీ ఎంతో గణితం చెబుతుంది. ఆ బాకీని ఏ స్వరం మోయాలో అది చెప్పదు. అది చెవి, సంగీత శైలి, వాయిద్యం తయారీ తేల్చాల్సిన విషయం. ఒకే శ్రుతి పట్టుకుని పాడే గాయకుడికి ఈ ఇబ్బంది పెద్దగా ఉండదు. పాట మధ్యలో శ్రుతి మార్చుకుంటూ పోయే కీబోర్డుకు ఉంటుంది.

హైస్కూల్‌లో ఇది రెండు మూడు పీరియడ్ల పని. కాలేజీలో ఇదే ప్రశ్నను ఇంకా తవ్వవచ్చు: అసలు 12 భాగాలే ఎందుకు? 41 చేసినా, 53 చేసినా పంచమం ఇంకా శుద్ధంగా వస్తుంది. మరి అలాంటి కీబోర్డులు ఎందుకు నిలదొక్కుకోలేదు? లాగరిథమ్‌లతో మొదలైన క్లాసు మనిషి వేళ్ల దగ్గర తేలుతుంది. ఇదీ ‘అండ్’ పని చేయడమంటే.

పెద్ద ఉదాహరణ: 1854 కలరా మీద ఒక సెమిస్టర్

కోర్సు తయారు చేసేటప్పుడు చాలామంది అధ్యాయాల జాబితాతో మొదలుపెడతారు. దీనికి ఎదురు దిశలో వెళ్లే పద్ధతి ఒకటుంది. గ్రాంట్ విగిన్స్, జే మెక్‌టై అనే అమెరికన్ విద్యావేత్తలు 1998 నుంచి దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ముందు విద్యార్థి చివరికి ఏం చేయగలగాలో తేల్చుకోవాలి. తర్వాత, అది చేయగలిగాడని దేన్ని చూసి నమ్ముతామో తేల్చుకోవాలి. పాఠాలు ఆ తర్వాతే. ఒక్క సబ్జెక్టు కోర్సుకు ఇది మంచి అలవాటు. సబ్జెక్టులను కలిపే కోర్సుకు ఇది లేకపోతే కుదరదు. ఎందుకంటే ‘సిలబస్ ఎక్కడ ఆపాలి’ అని చెప్పే పాఠ్యపుస్తకం ఇక్కడ ఉండదు.

మన ఊహా కోర్సు ప్రశ్న ఇది అనుకుందాం: కారణం కంటికి కనిపించనప్పుడు, ఫలానాదే కారణమని ఎప్పుడు నమ్మాలి? పూర్తి నమ్మకం కుదరకముందే చర్య తీసుకోవచ్చా? చివరి పరీక్ష: ఒక ఊహా పట్టణంలో జ్వరాల వివరాలు ఇస్తాం. ఆరోగ్య అధికారికి రెండు పేజీల సిఫారసు రాయాలి. ఏది తెలుసో, ఏది తెలియదో విడదీసి చెప్పాలి.

ఇప్పుడు పాఠాలు. 1854లో లండన్‌లో కలరా ప్రబలింది. అది చెడు గాలి వల్ల వస్తుందని అప్పట్లో చాలామంది వైద్యుల నమ్మకం. జాన్ స్నో అనే డాక్టర్‌కు మాత్రం నీటి మీద అనుమానం. దక్షిణ లండన్‌లో రెండు కంపెనీలు నీళ్లు సరఫరా చేసేవి. చాలా వీధుల్లో రెండింటి పైపులూ పక్కపక్కనే ఉండేవి. సదర్క్ అండ్ వాక్సాల్ కంపెనీ నగరపు మురుగు కలిసే చోట థేమ్స్ నీటిని తోడేది. లాంబెత్ కంపెనీ 1852లోనే నది ఎగువకు మారిపోయింది.

మొదటి క్లాసులో స్నో సేకరించిన అంకెలు ఇవ్వండి. కలరా మొదలైన తొలి ఏడు వారాల్లో మొదటి కంపెనీ నీళ్లు వాడిన ఇళ్లలో 1,263 మంది చనిపోయారు. రెండో కంపెనీ ఇళ్లలో 98 మంది. ఎన్ని రెట్లు తేడా అని అడగండి. చాలామంది ‘13 రెట్లు’ అంటారు. అప్పుడు మిగతా సగం చూపించండి: మొదటి కంపెనీ నీళ్లు 40,046 ఇళ్లకు వెళ్లేవి, రెండోదానివి 26,107 ఇళ్లకు. ఇళ్లే తక్కువైతే చావులూ తక్కువే ఉంటాయి కదా. అందుకే ప్రతి 10,000 ఇళ్లకు ఎన్ని మరణాలో చూడాలి. అలా చూస్తే సుమారు 315, 38. తేడా 13 రెట్ల నుంచి 8 రెట్లకు దిగింది. మొదట చెప్పిన జవాబు తప్పింది, అయినా స్నో వాదన నిలబడింది. ఈ రెండూ ఒకే గంటలో అనుభవంలోకి రావడం ఎంత గొప్ప పాఠమో మాటల్లో చెప్పలేను.

చనిపోయిన వ్యక్తి ఇంటికి ఏ కంపెనీ నీళ్లు వస్తాయో ఎలా తెలిసింది? చాలాసార్లు అద్దెకున్నవాళ్లకే తెలియదు, బిల్లు యజమాని కట్టేవాడు. ఇక్కడ కెమిస్ట్రీ వస్తుంది. మొదటి కంపెనీ నీటిలో ఉప్పు ఎన్నో రెట్లు ఎక్కువ. సిల్వర్ నైట్రేట్ కలిపితే తెల్లటి అవక్షేపం ఎంత వచ్చిందో చూసి నీళ్లు ఎవరివో స్నో పోల్చుకున్నారు. ఈ ప్రయోగాన్ని స్కూల్ ల్యాబ్‌లో చేయించవచ్చు. ఆ టెస్ట్ ట్యూబ్ లేకపోతే పైన చెప్పిన మరణాల లెక్కలో ఎన్నో ఖాళీలు మిగిలేవి. కెమిస్ట్రీ ఇక్కడ అలంకారానికి రాలేదు.

తర్వాత అవతలి పక్షం. విలియం ఫార్ అప్పటి పేరున్న గణాంకవేత్త. ఎత్తైన ప్రాంతాల్లో కలరా మరణాలు తక్కువ, నదికి దగ్గరగా పల్లంలో ఎక్కువ అని ఆయన అంకెలతో చూపించారు. చెడు గాలి పల్లంలో పేరుకుంటుంది కాబట్టి గాలి సిద్ధాంతానికి ఇది చక్కగా సరిపోయింది. విద్యార్థులు ఆ గ్రాఫ్ గీసి చూడాలి, దాని బలాన్ని ఒప్పుకోవాలి. ఆ తర్వాతే అడగాలి: పల్లంలో ఉన్నవాళ్లు తాగే నీళ్లు ఎక్కడివి? రెండు కారణాలు చేతులు కలిపి నడుస్తున్నప్పుడు వాటిని ఎలా విడదీస్తాం? ఒకే వీధిలో రెండు కంపెనీల ఇళ్లు ఉండటం ఎందుకంత విలువైనదో అప్పుడు అర్థమవుతుంది: గాలి ఒకటే, ఎత్తు ఒకటే, నీళ్లు మాత్రం వేరు. 1866లో మళ్లీ కలరా వచ్చేసరికి ఫార్ కూడా నీటి వాదం వైపు వచ్చారు. ఓడిపోయిన సిద్ధాంతాన్ని నమ్మినవాళ్లను మూర్ఖులుగా చూపిస్తే విద్యార్థికి సైన్స్ ఎలా నడుస్తుందో ఎప్పటికీ తెలియదు. అందుకే నేనైతే ఫార్‌కు రెండు క్లాసులు కేటాయిస్తాను.

బ్రాడ్ స్ట్రీట్ పంపు కథ చరిత్ర టీచర్ చేతిలో పెట్టాలి. అదే ఏడాది లండన్‌లోని ఆ వీధి చుట్టుపక్కల కలరా విజృంభిస్తే, అక్కడి నీళ్ల పంపే కారణమని స్నో అనుమానించారు. ఆయన మాట మీద అధికారులు దాని హ్యాండిల్ తీయించారు. పంపు హ్యాండిల్ తీసేయగానే కలరా ఆగిపోయిందని చాలా చోట్ల రాస్తారు. హ్యాండిల్ తీసింది 1854 సెప్టెంబర్ 8న. అప్పటికే మరణాలు బాగా తగ్గుముఖం పట్టాయి. ఆ సంగతి స్నో కూడా ఒప్పుకున్నారు. స్థానిక చర్చిలో పనిచేసే హెన్రీ వైట్‌హెడ్ స్నో మాట తప్పని చూపించాలని ఇంటింటికీ తిరిగి, చివరికి ఆయన వాదనకే ఆధారాలు పోగుచేశారు. కలరా సూక్ష్మజీవిని అదే 1854లో ఇటలీలో ఫిలిప్పో పాచిని మైక్రోస్కోప్ కింద చూశారు. కానీ 1884లో రాబర్ట్ కోఖ్ దాన్ని మళ్లీ గుర్తించేదాకా వైద్యలోకం పెద్దగా పట్టించుకోలేదు. అంటే పంపు హ్యాండిల్ తీసేనాటికి అసలు కారణం ఏ అధికారి కంటికీ కనిపించలేదు. అయినా తీశారు. అది సరైన పనేనా? కోర్సు ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది.

ఇదే విషయాన్ని హైస్కూల్‌కు మూడు నాలుగు వారాల్లో కుదించవచ్చు. అప్పుడు అంకెలు, మూల పత్రాలు టీచరే ఏర్చి ఇవ్వాలి. శాతాలు, రేట్లు అప్పటికే గణితం క్లాసులో వచ్చి ఉండాలి. కాలేజీలో మరో మహమ్మారిని విద్యార్థులే ఎంచుకుని, సమాచారం వాళ్లే వెతుక్కోవచ్చు. కోర్సు ప్రశ్న మాత్రం రెండు చోట్లా ఒకటే.

పునాది లేకుండా పైకప్పు వేస్తున్నామా?

ఇలాంటి కోర్సుల మీద గట్టి అభ్యంతరాలే ఉన్నాయి. విద్యా పరిశోధకులు పాల్ కిర్ష్నర్, జాన్ స్వెల్లర్, రిచర్డ్ క్లార్క్ 2006లో రాసిన వ్యాసం వాటిలో ఎక్కువ చర్చకు వచ్చింది. మనిషి ఒక్కసారి బుర్రలో పట్టి ఉంచుకోగలిగేది చాలా తక్కువ. అప్పుడే నేర్చుకుంటున్నవాళ్లను పెద్ద సమస్యలోకి దింపి ‘మీరే కనుక్కోండి’ అంటే ఆ కాస్త చోటూ వెతుకులాటకే ఖర్చయిపోతుంది, నేర్చుకోవడానికి మిగలదు అన్నది వాళ్ల వాదన. వివరంగా చెప్పి, చేసి చూపించి, ఆ తర్వాత సాధన చేయించడమే మేలని వాళ్లంటారు.

సిండీ మెలో-సిల్వర్, ఆమె సహచరులు మరుసటి ఏడాది దీనికి జవాబిచ్చారు. సమస్యతో మొదలయ్యే బోధన అంటే వదిలేయడం కాదని, మంచి కోర్సుల్లో అడుగడుగునా ఆసరా ఉంటుందని వాళ్లు గుర్తుచేశారు. కెనడాలోని మెక్‌మాస్టర్ యూనివర్సిటీ 1969 నుంచే వైద్యవిద్యను రోగి సమస్య నుంచి మొదలుపెట్టి నేర్పుతోంది. అక్కడా చిన్న బృందాలు, వాటికి ఒక ట్యూటర్ ఉంటారు.

ఈ గొడవలో నాకు ఎక్కువ వెలుగిచ్చింది మనస్తత్వ శాస్త్రవేత్తలు మేరీ గిక్, కీత్ హోలియోక్ 1980ల మొదట్లో చేసిన ప్రయోగాలు. ప్రశ్న ఇది: కడుపులో గడ్డ ఉంది. గడ్డను చంపేంత బలమైన కిరణం పంపితే దారిలో ఉన్న మంచి కండ కూడా పోతుంది. ఏం చేయాలి? పదిమందిలో దాదాపు ఒక్కరే జవాబు చెప్పగలిగారు. కొందరికి ముందుగా ఒక సేనాని కథ చదవడానికి ఇచ్చారు. కోటకు పోయే ప్రతి దారిలోనూ మందుపాతరలు ఉన్నాయి, పెద్ద దండు వెళ్తే పేలతాయి. అందుకని సైన్యాన్ని చిన్న గుంపులుగా విడగొట్టి, అన్ని దారుల్లోనూ పంపి, ఒకేసారి కోట దగ్గర కలిపాడు. ఇది చదివినవాళ్లలో కూడా తమంతట తాముగా జవాబు చెప్పింది పదిమందిలో సుమారు ముగ్గురే. ‘ఇందాకటి కథ పనికొస్తుందేమో చూడండి’ అని ఒక్క మాట అందించగానే ఏడెనిమిది మందికి తట్టింది: బలహీనమైన కిరణాలను అనేక వైపుల నుంచి పంపి గడ్డ దగ్గర కలపాలి.

రెండు పక్షాలూ దీన్ని తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. ఒక చోట నేర్చుకున్నది ఇంకో చోటికి దానంతట అదే నడిచి రాదు. కాబట్టి సబ్జెక్టులను విడివిడిగా చెప్పి, పిల్లలే కలుపుకుంటారులే అనుకోవడం దండగ. అలాగని కథ తెలియని వాడికి ఆ ఒక్క మాట అందించినా లాభం లేదు. ముందు ఏదో ఒకటి క్షుణ్ణంగా తెలిసి ఉండాలి. నా లెక్కలో, మొదటి ఏళ్లలో ఎక్కువ భాగం విడి సబ్జెక్టులకే ఇచ్చి, కలిపే కోర్సులను తక్కువగా, కానీ గట్టిగా పెట్టడం న్యాయం. కలిపే కోర్సులతోనే పిల్లలకు చదువు మీద మనసు పుడుతుంది కాబట్టి ముందు అవే ఉండాలనే టీచర్లున్నారు. వాళ్ల అనుభవాన్ని నేను కొట్టిపారేయను.

మార్కులు వేసే దగ్గరే అసలు రంగు తేలుతుంది

సబ్జెక్టులను కలిపిన పనిని ఎలా అంచనా వేయాలో హార్వర్డ్‌లో వెరోనికా బోయిక్స్ మాన్సీయా బృందం పరిశోధించింది. వాళ్లు చూడమన్నవి ముఖ్యంగా మూడు: విద్యార్థి ప్రతి సబ్జెక్టునూ సరిగ్గా వాడాడా, కలపడం వల్ల విడివిడిగా రానిది ఏదైనా వచ్చిందా, తన పనికి ఉన్న హద్దులు తనకు తెలుసా.

కలరా కోర్సులో రెండు జవాబులు ఊహించుకోండి. ఒకటి: ‘మురికి నీటి వల్ల కలరా వస్తుందని స్నో కనిపెట్టారు. రెండు కంపెనీల లెక్కలు దాన్ని నిరూపించాయి. రేట్లు 315, 38.’ రెండోది: ‘తేడా 8 రెట్లు. ఇళ్లు ఒకే వీధుల్లో ఉన్నాయి కాబట్టి గాలితో దీన్ని వివరించలేం. కానీ పట్టికలో ఉన్నది ఇళ్ల లెక్క, మనుషుల లెక్క లేదు. మొదటి కంపెనీ ఇళ్లలో జనం ఎక్కువుంటే తేడా కొంత తగ్గవచ్చు. మొత్తం పోవాలంటే ఇంటికి 8 రెట్ల జనం ఉండాలి. ఒకే వీధిలో అలా ఉంటుందా?’ మొదటి జవాబులో ఒక్క తప్పూ లేదు. మామూలు పరీక్షలో రెండింటికీ దగ్గర దగ్గర మార్కులే పడతాయి. అలా పడితే విద్యార్థులు వారంలో పసిగట్టేస్తారు, ఆ తర్వాత కోర్సు ఎంత బాగా రాసుకున్నా కంఠస్థమే మిగులుతుంది.

ఇక ‘రెండో సబ్జెక్టు ఎవరు చెబుతారు’ అన్న టీచర్ బెంగ. ఇద్దరు టీచర్లు ఒకే గదిలో చెప్పడం ఖరీదైన వ్యవహారం. వారానికి మూడు గంటల క్లాసు అంటే ఇద్దరికీ చెరో మూడు గంటలు. ఒకటిన్నర చొప్పున లెక్కేస్తే ఇద్దరూ విడివిడిగా వచ్చి పోతారు, కోర్సు మళ్లీ మల్టీడిసిప్లినరీ అయిపోతుంది. టైమ్‌టేబుల్ అనుమతించకపోతే, కోర్సు నడిపేది ఒక్కరైనా ప్రశ్న రాసేటప్పుడు, జవాబులు దిద్దేటప్పుడు ఇద్దరూ కూర్చుంటే చాలావరకు పని జరుగుతుంది. మొదటి పరీక్షలో ఓ ఐదు పేపర్లు తీసుకుని, గణితం టీచర్, చరిత్ర టీచర్ ఒకరికొకరు చూపించుకోకుండా దిద్దాలి. ఒకే పేపర్‌కు ఒకరు 8, ఇంకొకరు 4 వేస్తే ఎందుకని అడగాలి. ‘ఆధారం’ అనే మాటకు ఇద్దరి దృష్టిలో ఉన్న అర్థం వేరని అప్పుడే బయటపడుతుంది. ఆ సంభాషణను క్లాసు ముందు పెట్టగలిగితే, అదే ఆ వారం పాఠం.